ముందు కారును అడగండి, తర్వాత అమ్మేవాణ్ణి

పాత అమెరికన్ కారు కొనుక్కోవాలన్న ముచ్చట కొందరికి చిన్నప్పటి నుంచే ఉంటుంది. ఇంకొందరికి ఉద్యోగం కుదురుకుని, పిల్లలు కాలేజీకి వెళ్లి, గరాజ్‌లో ఒక కారుకు చోటు ఖాళీ అయ్యాక పుడుతుంది. ఎప్పుడు పుట్టినా ముచ్చట ముచ్చటే, దాన్ని తప్పుపట్టక్కర్లేదు. చిక్కంతా ముచ్చటపడ్డ కళ్లతో తనిఖీకి వెళ్లడంలో ఉంది. ఎర్ర రంగు తళుక్కుమంటుంది, క్రోమ్ మెరుస్తుంది, వీ8 ఇంజన్ గురగురమంటుంది. అమ్మే ఆయన తాపీగా "అంతా ఒరిజినలేనండీ" అంటాడు. ఆ ఒక్క మాటకు మనం వేల డాలర్లు అదనంగా కట్టడానికి సిద్ధపడిపోతాం.

ఈ అధ్యాయం ఆ మాటను పరీక్షించే పద్ధతి గురించి. దీని వెనకున్న సూత్రం చిన్నదే. పాత కారు ముందు నిలబడ్డప్పుడు మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. ఇది ఏ కారు? ఫ్యాక్టరీ నుంచి ఏమేం అమర్చుకుని వచ్చింది? ఇప్పుడు ఏ స్థితిలో ఉంది? అమ్మేవాళ్లు ఈ మూడింటినీ కలిపి "మంచి బండి" అని ఒకే జవాబిస్తారు. కొనేవాళ్లు వాటిని మళ్లీ విడదీయాలి, ఇదే వరసలో అడగాలి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబును డబ్బుతో మార్చుకోవచ్చు. మొదటి రెండింటి జవాబులు మారవు.

ఉదాహరణకు 1965 ఫోర్డ్ మస్టాంగ్‌ను తీసుకుందాం. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు. ఇది విరివిగా దొరుకుతుంది. దీని విడిభాగాలు దాదాపు అన్నీ ఈరోజుకీ కొత్తగా తయారవుతున్నాయి, అందువల్ల నకళ్లు కూడా విరివిగానే దొరుకుతాయి. అదృష్టవశాత్తూ ఫోర్డ్ కంపెనీ ఆ రోజుల్లో కారు వివరాలు చాలావరకు కారు మీదే ముద్రించి పెట్టింది.

ఊరూ పేరూ: వాహన సంఖ్య

బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు ఫెండర్ లోపలి అంచు చూడండి. ఫెండర్ రేకులో చిన్న గాటు ఉంటుంది. ఆ గాటులోంచి లోపలి రేకు మీద కొట్టిన వాహన సంఖ్య కనిపిస్తుంది. దాన్ని చదవడం నేర్చుకోవడానికి మొట్టమొదటి మస్టాంగ్ సంఖ్యే తీసుకుందాం: 5ఎఫ్08ఎఫ్100001.

మొదటి 5 అంటే 1965 మోడల్. మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న జనం ముందుకు వచ్చింది. ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు దాకా తయారైన వాటిని అభిమానులు 'అరవై నాలుగున్నర' అంటారు. కానీ ఫోర్డ్ లెక్కలో అన్నీ 1965వే, వాహన సంఖ్యలన్నీ 5తోనే మొదలవుతాయి. తర్వాతి ఎఫ్ ఫ్యాక్టరీ, అంటే మిషిగన్‌లోని డియర్‌బోర్న్. 08 అంటే కన్వర్టిబుల్. 07 అయితే హార్డ్‌టాప్, 09 అయితే ఫాస్ట్‌బ్యాక్. రెండో ఎఫ్ ఇంజన్: 260 ఘనపుటంగుళాల వీ8. ఒకే అక్షరం రెండు చోట్ల రెండు అర్థాలతో వచ్చిందని గమనించండి. చివరిది వరస సంఖ్య, అది 100001 నుంచి మొదలవుతుంది. కెనడాలో ఒక విమాన పైలట్ కొనుక్కున్న ఈ కారును ఫోర్డ్ 1966లో ఆయనకు కొత్త మస్టాంగ్ ఇచ్చి వెనక్కి తీసుకుంది. ఇప్పుడది డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. ఆ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు ఎవరైనా ఒక ఆదివారం వెళ్లి చూడవచ్చు.

మస్టాంగ్‌లు ఇంకో రెండు ఫ్యాక్టరీల్లో కూడా తయారయ్యాయి. రెండో స్థానంలో ఆర్ ఉంటే శాన్ హోసే, టి ఉంటే మెటచన్. శాన్ హోసే ఫ్యాక్టరీ నిజానికి మిల్పిటస్‌లో ఉండేది. మన కుటుంబాలు వారాంతాల్లో షాపింగ్‌కు వెళ్లే గ్రేట్ మాల్ ఆ ఫ్యాక్టరీయే. మెటచన్ ఫ్యాక్టరీ తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండేది, 2004లో మూతపడింది.

ధర విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంజన్ అక్షరం. 1964 ఆగస్టు దాకా యు, ఎఫ్, డి అనే అక్షరాలు వాడారు. ఆ తర్వాత టి అంటే 200 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, 120 హార్స్‌పవర్. సి అంటే 289 వీ8, టూ బ్యారెల్ కార్బురేటర్, 200 హార్స్‌పవర్. ఎ అంటే అదే 289, ఫోర్ బ్యారెల్‌తో 225. కె అంటే 271 హార్స్‌పవర్ హై పెర్ఫార్మెన్స్ ఇంజన్. అందరూ వెతికేది, అందువల్ల అందరూ నకలు చేసేది ఈ కె అక్షరాన్నే.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కు చక్రానికి నాలుగు బోల్టులు, వీ8కు అయిదు. వాహన సంఖ్యలో టి ఉండి బానెట్ కింద వీ8 కనిపిస్తే, అది మధ్యలో ఎవరో ఇంజన్ మార్చిన కారు. అలాంటి కారు నడపడానికి బాగానే ఉండవచ్చు, కానీ వీ8 కారు ధర మాత్రం ఇవ్వకూడదు. చక్రాలకు నాలుగు బోల్టులే మిగిలి ఉంటే ఇంకా జాగ్రత్త. ఇంజన్ మార్చినవాళ్లు ఆ బలానికి తగ్గట్టు బ్రేకులు, వెనక యాక్సిల్ మార్చలేదన్నమాట.

తలుపు మీది పలక

డ్రైవర్ తలుపు తెరిస్తే, తాళం పడే అంచున రివెట్లతో బిగించిన చిన్న అల్యూమినియం పలక ఉంటుంది. దాని మీద 65ఎ, ఎమ్, 26, 12సి, 71, 1, 6 అని ఉందనుకుందాం. వరసగా చదివితే కారు కథ వస్తుంది. 65ఎ అంటే మామూలు లోపలి అలంకరణ ఉన్న హార్డ్‌టాప్. అదే 65బి అయితే సీట్ల మీద పరుగెత్తే గుర్రాలున్న డీలక్స్ అలంకరణ, అభిమానుల మాటలో 'పోనీ ఇంటీరియర్'. ఎమ్ అంటే వింబుల్డన్ వైట్ రంగు. 26 అంటే నల్ల వినైల్ సీట్లు. 12సి అంటే మార్చి 12న తయారీకి నిర్ణయించారని. ఎ జనవరి, బి ఫిబ్రవరి అంటూ నెలలు సాగుతాయి, ఐ అక్షరం మాత్రం వదిలేస్తారు. 71 అంటే లాస్ ఏంజెలెస్ అమ్మకపు జిల్లా నుంచి వచ్చిన ఆర్డరు. 1 అంటే 3.00 నిష్పత్తి వెనక యాక్సిల్. 6 అంటే ఆటోమేటిక్ గేరు పెట్టె. మూడు గేర్ల మాన్యువల్‌కు 1, నాలుగు గేర్ల మాన్యువల్‌కు 5 ఉంటుంది.

ఇక్కడ తొందరపడకూడదు. పలక తలుపు మీద ఉంది, తలుపేమో రెండు కీళ్ల మీద ఉంది. ప్రమాదంలో తలుపు మారితే పలక కూడా వేరే కారుదే వస్తుంది. పైగా ఈ పలకలు కొత్తగా అచ్చు వేయించుకోవచ్చు. కాబట్టి పలక మీది వాహన సంఖ్య, ఫెండర్ లోపలి సంఖ్య అక్షరం పొల్లుపోకుండా కలవాలి. రివెట్లు నిన్నగాక మొన్న వేసినట్టు మెరుస్తున్నాయా, పలక చుట్టూ రంగు చెరిగిందా అన్నది చూడండి. తెల్ల కారు అన్న పలక ఉన్న కారు ఎర్రగా ఉంటే భయపడక్కర్లేదు, ఎప్పుడో రంగు మార్చి ఉంటారు. దాన్ని పుస్తకంలో రాసుకుని, ధరలో లెక్కవేయండి.

పెళ్లి సంబంధం చూసేటప్పుడు పెద్దవాళ్లు ఒకరి మాట మీద ఆగరు. ఇరుగునీ పొరుగునీ అడిగి, ఆ మాటలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో చూస్తారు. కారు దగ్గర కూడా అంతే. పలకనూ, సంఖ్యనూ, ఇనుమునూ వేరువేరుగా అడిగి మాటలు కలిపి చూడాలి. 1965 కె కార్లు నాలుగు గేర్ల మాన్యువల్‌తోనే వచ్చాయి. వాహన సంఖ్యలో కె ఉండి, పలకలో గేరు పెట్టె దగ్గర 6 ఉంటే రెండింటిలో ఒకటి అబద్ధమాడుతోంది. ఇంజన్ అక్షరం డి అయ్యుండి, పలక మీది తేదీ నవంబరు అయినా అంతే.

పలక చెప్పని అలంకారాలు

పలక రేడియో గురించి చెప్పదు. పవర్ స్టీరింగ్ గురించి, ముందు డిస్క్ బ్రేకుల గురించి, స్టీరింగ్ కాలమ్ మీద కూర్చునే ర్యాలీ ప్యాక్ గడియారం, టాకోమీటర్ల గురించి చెప్పదు. అన్నిటికన్నా ముఖ్యం, జీటీ గురించి కూడా చెప్పదు. జీటీ అన్నది ప్రత్యేక మోడల్ కాదు. కొన్ని అదనపు హంగుల కట్టకు ఆ పేరు పెట్టారు. అందుకే మస్టాంగ్ లోకంలో నకిలీ జీటీలకు కరువు లేదు. బ్యాడ్జీలు, చారలు, ఫాగ్ లైట్లు కొని బిగిస్తే పది అడుగుల దూరం నుంచి చూసేవాళ్లకు జీటీయే.

అసలు జీటీని పట్టుకోవడానికి తర్కం వాడాలి. జీటీ హంగులు 1965 ఏప్రిల్‌లో ప్రకటించారు. అంతకు ముందు ఏడాది అక్టోబరులో తయారైన కారు ఫ్యాక్టరీ జీటీ అయ్యే అవకాశం లేదు. ఈ కట్టను ఎ, కె ఇంజన్లతోనే ఇచ్చారు, కాబట్టి సి అక్షరం ఉన్న జీటీ ఎవరో ఇంట్లో తయారు చేసుకున్నదే. ఈ రెండు వడపోతల్లో మిగిలిన కారును జాక్ మీద ఎత్తండి. జీటీకి రెండు సైలెన్సర్ గొట్టాలు వెనక బంపర్ కింది రేకులోని రంధ్రాల గుండా బయటికి వస్తాయి. వాటిని మోసే హ్యాంగర్ల కోసం వెనక ఫ్రేమ్ రైళ్లకు ఫ్యాక్టరీలోనే బలపు ముక్కలు వెల్డింగ్ చేశారు. బ్యాడ్జీ అతికించినవాళ్లు సాధారణంగా అంత దూరం వెళ్లరు. ముందు బ్రేకులు డిస్క్ అయితే, కాలిపర్‌కు నాలుగు పిస్టన్లు ఉన్నాయా అని చూడండి. 1965లో ఇచ్చినవి కెల్సీ-హేస్ నాలుగు పిస్టన్లవి. ఒక్క పిస్టన్‌తో ఉంటే తర్వాతి కాలపు సామాను. అది వాడకానికి తప్పు కాదు గానీ 'ఒరిజినల్' జాబితాలోంచి కొట్టేయాలి.

కాగితాలు ఉంటే అవి పలక కన్నా పెద్ద సాక్ష్యం. డీలరు ఇచ్చిన అమ్మకం పత్రం, కిటికీకి అంటించిన ధర కాగితం, వారంటీ పుస్తకం అడగండి. ఫ్యాక్టరీలో పనివాళ్లు చూసుకుంటూ కారును బిగించిన బిల్డ్ షీట్ ఒక్కోసారి సీటు స్ప్రింగుల్లోనో కార్పెట్ కిందో చిక్కుకుని దశాబ్దాలు ఉండిపోతుంది. 1967 నుంచి తయారైన ఫోర్డ్ కార్లకు మార్టీ ఆటో వర్క్స్ అనే సంస్థ ఫ్యాక్టరీ రికార్డుల నుంచి నివేదిక ఇస్తుంది. 1965, 66 మస్టాంగ్‌లకు ఆ సౌకర్యం లేదు, కాబట్టి ఆ కార్లకు ఇనుమూ కాగితమే దిక్కు.

ఇనుము మీది తేదీలు

'నంబర్స్ మ్యాచింగ్' అన్న మాట ప్రకటనల్లో విచ్చలవిడిగా వాడతారు. 1965 మస్టాంగ్ విషయంలో ఆ మాట వినగానే ఒక ప్రశ్న వేయండి: ఏ నంబరుతో ఏ నంబరు? ఆ ఏడాది వాహన సంఖ్యను ఇంజన్ మీద కొట్టింది ప్రధానంగా కె కార్లకే. మామూలు ఇంజన్ల మీద అది ఉండదు. అక్కడ మనం చూడగలిగింది తేదీ.

ఇంజన్ బ్లాకు పోతపోసిన తేదీ స్టార్టర్ దగ్గర ఉబ్బెత్తుగా ఉంటుంది. 5సి12 అని ఉంటే 1965 మార్చి 12. పోత తేదీ కారు తయారీ తేదీ కన్నా ముందు ఉండాలి, అదీ కొద్ది వారాలు ముందు. కారు మార్చిలో పుట్టి, ఇంజన్ జూన్‌లో పుడితే అది దాని ఇంజన్ కాదు. పక్కన ఉండే పార్టు సంఖ్య కూడా చదవండి. సి5 అంటే అరవైల దశకం, అయిదో ఏడు. తర్వాతి అక్షరం ఆ భాగాన్ని మొదట ఏ కారు కోసం రూపొందించారో చెబుతుంది. జెడ్ మస్టాంగ్, ఎ పెద్ద ఫోర్డ్ కార్లు, డి ఫాల్కన్. మస్టాంగ్ ఇంజన్ మీద ఎ కనిపిస్తే కంగారు పడకండి. 289 ఇంజన్ పెద్ద కార్లకూ వాడారు, కాబట్టి అది మామూలే.

కిటికీ అద్దాల మూల కార్‌లైట్ ముద్ర ఉందా చూడండి. అన్ని అద్దాలకూ ఒకే కాలపు ముద్ర ఉండి ఒక్క దానికి లేకపోతే ఆ వైపు దెబ్బ తగిలిందేమో రేకు వెతకండి. ఛార్జింగ్ కూడా చూడండి. 1964 ఆగస్టు దాకా జనరేటర్, తర్వాత ఆల్టర్నేటర్.

స్థితి అంటే ముందు తుప్పు

రంగు మీ చూపును తనవైపు లాక్కుంటుంది. మీరు చూపును రంగు కిందికి పంపాలి. మస్టాంగ్‌కు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే నిర్మాణం. తుప్పు పట్టిందంటే అందం పోవడంతో ఆగదు, బలమూ పోతుంది.

మొదట కౌల్. ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్లే జాలీ ఉంటుంది, దాని కింద రేకు పెట్టె. ఆకులు, దుమ్ము అందులో పడి తడిసి, ఏళ్ల తరబడి లోపలి నుంచి తినేస్తాయి. అమ్మేవాళ్ల అనుమతి అడిగి ఒక చెంబు నీళ్లు జాలీలో నెమ్మదిగా పోయండి. నీళ్లు లోపల కాళ్లు పెట్టుకునే చోట కారితే కౌల్ పోయినట్టే. దాన్ని బాగు చేయాలంటే స్పాట్ వెల్డింగులు డ్రిల్ చేసి రేకులు విప్పాలి. చూడటానికి చిన్న చిల్లు, ఖర్చు పెద్దది.

తర్వాత కార్పెట్లు ఎత్తి నేల రేకులు, డిక్కీలో చాప ఎత్తి మూలలు, బ్యాటరీ కింది రేకు, వెనక చక్రాల చుట్టూ అంచులు, ముందు సస్పెన్షన్‌ను మోసే షాక్ టవర్ల చీలికలు చూడండి. అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి పక్కల రేకుల మీద జరపండి. పట్టు జారిన చోట రేకు లేదు, లప్పం ఉంది. రంగు మందం కొలిచే చిన్న మీటరు ఉంటే ఇంకా మంచిది. ఒక తలుపు దగ్గర ఒక లెక్క, పక్కనే మూడింతలు వస్తే అక్కడ పని జరిగింది. కన్వర్టిబుల్ అయితే తలుపు తెరిచి మూసి చూడండి. తలుపుకు, బాడీకి మధ్య సందు పైన తక్కువ, కింద ఎక్కువ ఉంటే నడుము వంగిన కారు.

ఇక్కడే చాలామంది తడబడతారు. కొత్త రంగు, కొత్త సీట్లతో తళతళలాడే కారు పక్కన, రంగు వెలిసి, సీటు చిరిగి, కానీ అన్నీ ఫ్యాక్టరీవే మిగిలిన కారు పెడితే కన్ను మొదటిదానివైపే పోతుంది. అనుభవజ్ఞులు రెండోదాన్ని ముందు చూస్తారు. కుట్టు, రంగు, క్రోమ్ ఎప్పుడైనా చేయించుకోవచ్చు. ఫ్యాక్టరీ పనివాడు వేసిన రంగుపొర ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు. 1935లో మొదలైన ఆంటీక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా పోటీల్లో, అసలు లక్షణాలు నిలుపుకున్న కార్లకు విడిగా ఒక విభాగమే ఉంది.

వేరే కంపెనీ కారైతే

సూత్రం అదే, సాక్షులు మారతారు. 1960ల షెవ్రొలే కమారో వాహన సంఖ్య ఆరు సిలిండర్లా, వీ8నా అన్నంతవరకే చెబుతుంది, ఏ వీ8 అన్నది చెప్పదు. కాబట్టి పెద్ద వీ8కు గుర్తైన ఎస్ఎస్ బ్యాడ్జీని అంత తేలిగ్గా నమ్మకూడదు. పాంటియాక్‌కు పీహెచ్ఎస్ అనే సంస్థ నుంచి ఫ్యాక్టరీ రికార్డు నకలు తెప్పించుకోవచ్చు. డాడ్జ్, ప్లిమత్ కార్లకు బానెట్ కింద ఫెండర్ ట్యాగ్ అనే పలక ఉంటుంది, దాని మీద ఆప్షన్ల సంకేతాలు ఉంటాయి. ఏ కారు కొనబోతున్నారో ఆ కారు సాక్షులెవరో ముందు తెలుసుకుని వెళ్లండి.

మన దేశంలోని పాఠకులకు కూడా ఇది పనికొచ్చే మాటే. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు, నంబరు పలకపై 'విఎ' అక్షరాలు వస్తాయి. అయితే ఆ వాహనం అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో తాతగారి షెడ్డులో ఉన్న పాత కారును 'బాగు చేయించే' ముందు ఈ షరతు గుర్తుంచుకోండి.

మనసును తనిఖీలో పెట్టడం

మొదటిసారి చూడటానికి వెళ్లేటప్పుడు చెక్కు పుస్తకం ఇంట్లో వదిలేయండి. కొనే అవకాశం చేతిలో లేకపోతే కళ్లు నిజాయితీగా పనిచేస్తాయి. ఆ కారు మీద మోజు లేని స్నేహితుణ్ణి ఒకరిని వెంట తీసుకెళ్లండి. అమ్మేవాణ్ణి అడగాల్సిన ప్రశ్న "ఒరిజినలేనా?" అని కాదు. దానికి ఎవరైనా అవుననే అంటారు. "మీరు మార్చినవేవి? మీరు కొనేసరికే మారి ఉన్నవేవి?" అని అడగండి. నిజాయితీపరుడు జాబితా చెబుతాడు. దాటవేసేవాడు కారు అందం పొగుడుతాడు.

బయల్దేరే ముందు ఒక కాగితం మీద అయిదు గళ్లు గీసుకోండి: వాహన సంఖ్య, తలుపు పలక, ఇనుము తేదీలు, కాగితాలు, తుప్పు. ప్రతి గడిలో కళ్లతో చూసింది మాత్రమే రాయండి, విన్నది రాయవద్దు. ఇంటికొచ్చి, ఒక రాత్రి నిద్రపోయి, తెల్లారాక ఆ కాగితం చదవండి. గళ్లలోని మాటలు ఒకదానితో ఒకటి కలిస్తే బేరం మొదలుపెట్టండి. రెండు గళ్లు ఖాళీగా ఉన్నా, రెండు మాటలు ఎదురెదురుగా ఉన్నా మర్యాదగా నమస్కారం చెప్పి వదిలేయండి. 1964 మార్చి నుంచి 1965 మోడల్ ముగిసేదాకా ఫోర్డ్ 6,80,000కు పైగా మస్టాంగ్‌లు చేసింది. మీకు ఇంకొకటి దొరుకుతుంది.